8 జీబీ ఉన్న ఇంటి కంప్యూటర్‌కి ఇంకో 8 జీబీ వేయించాలా, వద్దా?

మౌలాలి నుంచి అడిగిన మేడమ్ గారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంట్లో 2018 చివర్లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. వాళ్లాయన ట్యాలీలో రెండు మూడు షాపుల లెక్కలు రాస్తారు, పాప ఇంటర్ సెకండియర్, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) వీడియోలూ పీడీఎఫ్‌లూ అన్నీ అందులోనే. ఏడాది నుంచి బాగా స్లో అయింది, సాయంత్రం పూట ట్యాబ్ మారిస్తే నిమిషాలు పడుతోంది. షాపులో అడిగితే ఇంకో 8 జీబీ వేయించుకోమన్నారు, మరిదిగారేమో పాతదానికి డబ్బు పెట్టొద్దు, కొత్తది కొనండి అంటున్నారు. చివర్లో ఇంకో లైను కూడా రాశారు: "టాస్క్ మేనేజర్‌లో మెమరీ 70, 75 శాతం దగ్గర ఉంటోంది, డిస్క్ మాత్రం ఎప్పుడు చూసినా 100 చూపిస్తోంది, అది మామూలేనా?"

మామూలు కాదండీ. మీ సమస్య అంతా ఆ చివరి లైనులోనే ఉంది.

సూటిగా చెప్పాలంటే: ఇప్పుడే ర్యామ్ కొనకండి. కొత్త కంప్యూటర్ అసలే వద్దు. ముందు ఆ హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (దానికంటే చాలా వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) వేయించండి, పది రోజులు వాడండి, ఆ తర్వాత మళ్లీ కొలిచి చూసి ర్యామ్ సంగతి తేల్చుకోండి. ఆ కొలిచే పద్ధతి కింద రాశాను. మీ ఇంటి వాడకాన్ని బట్టి చూస్తే చివరికి ఇంకో 8 జీబీ అవసరం పడొచ్చు కూడా, కానీ వరుస ముఖ్యం. రెండూ ఒకేసారి వేయిస్తే దేనివల్ల బాగుపడిందో మీకు ఎప్పటికీ తెలియదు, రెండోదానికి పెట్టిన డబ్బు అవసరమా కాదా అన్నదీ తెలియదు.

నేను 2004 నుంచి ఈ సర్వీసింగ్ పనిలోనే ఉన్నాను. మొదట సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో ఒకరి దగ్గర పని నేర్చుకున్నాను, ఇప్పుడు మల్కాజిగిరిలో సొంతంగా చూసుకుంటున్నాను. ఇన్నేళ్లలో "స్లో అయింది, ర్యామ్ వేయండి" అంటూ వచ్చిన మెషీన్లలో చాలావాటికి అసలు రోగం ర్యామ్ కాదు. అలాగని ర్యామ్ దండగ అని కూడా అనను. కొన్ని మెషీన్లలో ఒక్క స్టిక్ వేశాక మనిషి మొహం వెలిగిపోవడం కళ్లారా చూశాను. తేడా ఎక్కడంటే, వాటిని ముందే కొలిచి చూశాం.

అసలు ర్యామ్ తక్కువైతే ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం, అప్పుడు మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. వంటింట్లో గట్టు ఉంటుంది, పైన అటక ఉంటుంది. ఇప్పుడు వండుతున్నవన్నీ గట్టు మీద ఉంటాయి, అది ర్యామ్. మిగతా సామానంతా అటక మీద, అది డిస్క్. గట్టు నిండిపోతే కొన్ని గిన్నెలు అటకెక్కించి, కావాల్సినప్పుడు మళ్లీ దించుకోవాలి. విండోస్ చేసేదీ అదే. మెమరీ నిండాక, ప్రస్తుతానికి వాడని ముక్కల్ని డిస్క్‌లోని పేజ్‌ఫైల్‌లో రాసిపెడుతుంది, మీరు ఆ ట్యాబ్ నొక్కగానే వెనక్కి తెస్తుంది. ఒక్కో ముక్క 4 కేబీ ఉంటుంది, అంటే ఒక మాదిరి ట్యాబ్‌కి వేల ముక్కలు.

హార్డ్‌డిస్క్‌తో చిక్కంతా ఇక్కడే వస్తుంది. అందులో పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైన. ముల్లు లాంటి హెడ్ సరైన చోటికి జరగాలి, ఆ తర్వాత కావాల్సిన ముక్క తిరిగి తిరిగి హెడ్ కిందకి రావాలి. అన్నీ కలిపితే చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి సుమారు వంద మాత్రమే తీసివ్వగలదు. వంద ముక్కలంటే ఎంత, 400 కేబీ! పెద్ద సినిమా ఫైలు వరసగా కాపీ చేసేటప్పుడు సెకనుకి వంద ఎంబీ పైన ఇచ్చే డిస్కే, చిల్లర పని చెప్తే ఇలా కూలబడుతుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, అదే పని సెకనుకి వేలల్లో, పదివేలల్లో చేస్తుంది. మీ సాయంత్రాలు నిమిషాల కొద్దీ ఎందుకు ఆగిపోతున్నాయో దీన్నిబట్టి ఊహించుకోండి. ఒకవైపు అప్‌డేట్లు, ఇంకోవైపు యాంటీవైరస్ స్కాన్, మధ్యలో ట్యాలీ, పాప వీడియో, అందరూ అదే డిస్క్ ముందు క్యూలో నిలబడ్డారు.

ఇప్పుడు కొలిచే పద్ధతి చెప్తాను. కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడు చూస్తే ఉపయోగం లేదు, స్లో అయినప్పుడే చూడాలి. కానీ స్లో అయ్యాక తెరుద్దామంటే, ఏది ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ కూడా తెరుచుకోదు, అందుకే సాయంత్రం పని మొదలుపెట్టే ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి తెరిచి పెట్టుకోండి. పర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ మీద నొక్కండి. పాపకి చెప్పండి, ఆగిపోయిన ప్రతిసారీ ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫొటో తీయమని. రెండు మూడు రోజుల్లో ఆరేడు ఫొటోలు వస్తే చాలు, ఏ మెకానిక్ మాటా నమ్మాల్సిన పనిలేదు.

ఆ ఫొటోల్లో ఏం చూడాలి? మెమరీ శాతం, డిస్క్ శాతం, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. మెమరీ 90 దాటి, అదే సమయంలో డిస్క్ కూడా 100 దగ్గర కొట్టుకుంటుంటే గట్టు నిండి సామాను అటకెక్కుతోందన్నమాట, ర్యామ్ కావాలి. మెమరీ 60, 75 దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 ఉంటే డిస్క్‌ది తప్పు, ఎంత ర్యామ్ పోసినా అది మారదు. మీది ఈ రెండోది. రెండూ తక్కువగా ఉండి సీపీయూ 100 ఉంటే అది వేరే కథ. మూడూ చల్లగా ఉండి బ్రౌజర్ మాత్రమే తిరుగుతుంటే నెట్ కనెక్షన్ చూసుకోవాలి.

అదే పేజీలో కింద "కమిటెడ్" అని ఒక జత అంకెలు ఉంటాయి, ఉదాహరణకి 11.2/13.4 అని. మొదటి అంకె ప్రోగ్రాములన్నీ కలిపి "మాకు ఇంత కావాలి" అని విండోస్ దగ్గర ఒప్పించుకున్న మొత్తం. 8 జీబీ మెషీన్‌లో అది ఎప్పుడూ 7, 8 దగ్గర ఉంటే పర్వాలేదు. రోజూ 12, 13కి పోతుంటే మీ గట్టు చిన్నదే. శాతం ఒక్కటే చూసేకంటే ఈ అంకె నిజం ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే మెమరీ తక్కువ పడుతున్నప్పుడు విండోస్ 10 కొన్ని పేజీల్ని కుదించి పెట్టి, కొన్నిటిని డిస్క్‌లోకి తోసి, శాతాన్ని ఎలాగోలా పైకి పోకుండా ఆపుతుంటుంది.

ఇంకా అనుమానం ఉంటే అదే చోట నుంచి రిసోర్స్ మానిటర్ తెరవొచ్చు, అందులో మెమరీ పేజీలో "హార్డ్ ఫాల్ట్స్" అని ఉంటుంది. పేరు చూసి టెన్షన్ పడకండి, చెడిపోయిందని కాదు, కావాల్సిన ముక్క ర్యామ్‌లో దొరక్క డిస్క్‌కి వెళ్లాల్సి వచ్చింది అని. కొత్తగా ఏదైనా ప్రోగ్రాం తెరిచినప్పుడు ఒక్కసారి పెరిగి పడిపోవడం మామూలే. మీరు ఏమీ కొత్తగా తెరవకుండానే నిమిషాల తరబడి వందల్లో ఉంటే మాత్రం ర్యామ్ చాలట్లేదు.

చాలామంది 50, 60 శాతం చూసి కూడా కంగారుపడి వస్తారు. ర్యామ్ ఎంత ఉంటే అంత వాడుకోవడం విండోస్ లక్షణం, మీరు తరచూ తెరిచేవి ముందే తెచ్చి పెట్టుకుంటుంది, అవసరం పడగానే ఆ చోటు ఇచ్చేస్తుంది. వాడకుండా ఖాళీగా ఉంచిన ర్యామ్ వల్ల మీకు వచ్చేదేమీ లేదు. అందుకే దయచేసి "మెమరీ క్లీనర్" లాంటి సాఫ్ట్‌వేర్లు వేసుకోకండి. అవి ప్రోగ్రాముల చేతిలో ఉన్నదాన్ని బలవంతంగా లాగేసి డిస్క్ వైపు తోస్తాయి, అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, మరుక్షణం అదంతా మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి. హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్‌లో అది కొరివితో తల గోక్కున్నట్టే.

మీ సంగతిలో నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, తార్నాకలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారి విషయం నా మనసులో అలాగే ఉండిపోయింది. ఆయన మెషీన్‌లో 4 జీబీ ఉండేది, ఒకచోట 8 చేశారు, తగ్గలేదు. ఇంకోచోట 16 చేశారు, అప్పుడూ తగ్గలేదు. నా దగ్గరికి వచ్చేసరికి లాగిన్ అవడానికే పావుగంట. టాస్క్ మేనేజర్ తెరిస్తే 16 జీబీలో 3 కూడా వాడట్లేదు, డిస్క్ మాత్రం 100. నేను క్యాబినెట్ మూత తీసి చెవి దగ్గర పెడితే డిస్క్ నుంచి సన్నగా టిక్, టిక్ అని శబ్దం, ఆగి మళ్లీ టిక్. చదవలేని చోటునే మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తోంది పాపం. అందులో వాళ్లావిడ చనిపోకముందు తీసిన ఫొటోలు ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. రెండు రోజులు దాంతో కూర్చుంటే సగం పైన బయటికి వచ్చాయి, మిగతావి రాలేదు. మొదటిసారి ర్యామ్ వేసిన రోజే ఎవరైనా ఒక్క నిమిషం ఆ డిస్క్ అంకె చూసి ఉంటే అన్నీ దక్కేవి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, థాంక్స్ బాబూ అని వెళ్లిపోయారు.

అదే నాణేనికి రెండోవైపు కూడా చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడు ఒకడు ఉన్నాడు. ఎస్‌ఎస్‌డీ ముందే ఉంది, ప్రాసెసర్ మంచిదే, ర్యామ్ 8. షీటు సైజు 12 ఇంటు 36 అంగుళాలు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు (పిక్సెళ్లు). లెక్క వేయండి: 3600 ఇంటు 10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు, ఒక్క పొరకే (లేయర్) సుమారు 117 ఎంబీ. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వెనక మండపం, పూలు, నీడలు, పేర్లు, పదిహేను ఇరవై పొరలు పడతాయి, పైగా ఫోటోషాప్ వెనక్కి వెళ్లడానికి పాత అడుగులన్నీ గుర్తుంచుకుంటుంది. రెండు షీట్లు తెరిస్తే 8 జీబీ ఎక్కడ చాలుతుంది? అతని కమిటెడ్ అంకె 19 చూపించింది. 32 చేశాం. సీజన్‌లో రాత్రి రెండింటిదాకా కూర్చునేవాడు, పదకొండుకల్లా ఇంటికి పోతున్నానని ఫోన్ చేశాడు. అతనికి ర్యామ్ పెట్టుబడి, హెడ్మాస్టర్ గారికి దండగ ఖర్చు. రెండు మెషీన్లూ బయటికి చెప్పిన కంప్లైంట్ మాత్రం ఒక్కటే, "స్లో".

మరి ఎంత ఉంటే చాలు అంటే నా అనుభవంలో ఇలా. బ్రౌజింగ్, ట్యాలీ, వర్డ్, ఒక వీడియో వరకు 8 జీబీ, ఎస్‌ఎస్‌డీతో కలిపి, ఇప్పటికీ నెట్టుకొస్తుంది. ట్యాలీ పెద్దగా మెమరీ తినేది కాదు, మీ ఇంట్లో తినేది బ్రౌజర్. ఒకే సమయంలో ఇద్దరి పనులు తెరిచి ఉండే ఇంటికి 16 హాయిగా ఉంటుంది. పాప రేపు బీటెక్‌లో కంప్యూటర్స్ తీసుకుంటే ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ లాంటివి నడపాలంటే 16 కావాల్సిందే. 32 అనేది పైన చెప్పిన ఆల్బమ్ పని, వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేవి) నడిపేవాళ్లకి. మామూలు ఇంటికి 32 వేస్తే 16కీ దానికీ తేడా మీకు కనపడదు.

కొత్తది కొనమంటున్న మీ మరిదిగారి మాట కూడా కొట్టిపారేయను. ఆరేడేళ్లు దాటిన మెషీన్ అంటే ఎవరైనా అలాగే అంటారు, పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. కానీ మీ అదృష్టం, ఐ3-8100 అంటే ఇంటెల్ 8వ తరం, విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల వరుస ఇంటెల్‌లో దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది. 7వ తరం అయి ఉంటే నేనూ వేరేగా చెప్పేవాణ్ణి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, మీ బోర్డులో విడిగా చిప్ లేకపోయినా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) పీటీటీ అనే పేరుతో ఉంటుంది, ఆన్ చేయాలి అంతే. ఎస్‌ఎస్‌డీ వేయించేటప్పుడు పాత విండోస్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయించకుండా 11 కొత్తగా ఎక్కించమనండి. నాలుగు కోర్ల ప్రాసెసర్ అది, మీ ఇంటి పనికి ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, విండోస్ 11 ఏమీ తెరవకముందే దాదాపు 3 జీబీ తనకే ఉంచుకుంటుంది, అందుకే పది రోజుల తర్వాత మళ్లీ కొలవమన్నాను.

ధరల సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు "ఎందుకొచ్చిన గొడవ, ఒక 8 జీబీ వేసేద్దాం" అనుకునేలా ఉండేది, మీ బోర్డుకి పట్టే డీడీఆర్4 రకం 8 జీబీ స్టిక్ రెండు వేల లోపే దొరికేది. 2025 చివరి నుంచి పరిస్థితి మారింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు చేసేది ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు, ఆ మూడూ ఏఐ సర్వర్లకి కావాల్సిన మెమరీ వైపు మొగ్గాయి, ఇంటి కంప్యూటర్లకి వచ్చేది తగ్గింది, రేట్లు అమాంతం పెరిగాయి. మైక్రాన్ అయితే మనలాంటివాళ్లు కొనుక్కునే క్రూషియల్ బ్రాండ్ ర్యామ్ వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఊహ మీద కొనే రోజులు పోయాయి, కొలిచి కొనాల్సిందే.

సరే, పది రోజుల తర్వాత ఫొటోలు చూస్తే మెమరీ 90 దాటుతోంది, కమిటెడ్ 11, 12 ఉంటోంది, వేయించాలనే తేలింది అనుకుందాం. అప్పుడు కొనే ముందు ఇవి చూసుకోండి.

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే "స్లాట్స్ యూజ్‌డ్ 1 ఆఫ్ 2" అని ఉంటుంది. హెచ్310 బోర్డులకి మామూలుగా రెండే స్లాట్లు, మీది ఒకటి ఖాళీ, కాబట్టి ఉన్నది తీసేయకుండా పక్కన ఇంకోటి పెట్టొచ్చు. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. రెండు స్టిక్‌లు పెడితే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి మెమరీతో మాట్లాడుతుంది, డ్యుయల్ ఛానల్ అంటారు, సెకనుకి 19.2 జీబీ ఉన్న దారి 38.4 అవుతుంది. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, అందుకని బొమ్మల పనికి తేడా తెలుస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డు అయితే మాత్రం పక్కపక్కన పెట్టకూడదు, ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి.

పాత స్టిక్ లేబుల్ ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి. దాని మీద 8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2400టీ ఇలా ఏదో ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4, 2400 అంటే వేగం. కొన్నిటి మీద పీసీ4-19200 అని ఉంటుంది, అదీ 2400 కిందే లెక్క, 2400ని 8తో గుణిస్తే వచ్చే అంకె అది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా 3200 దొరుకుతుంది, ఫరవాలేదు తీసుకోండి, మీ ప్రాసెసర్ దాన్ని 2400 దగ్గర నడుపుతుంది. వేగం తక్కువున్న స్టిక్ ఎంతో, అందరూ అంతే. 3200 వేస్తే ఎగిరిపోతుంది అని ఎవరైనా చెప్తే మీ బోర్డు విషయంలో అది నిజం కాదు. డీడీఆర్3, డీడీఆర్5 మీ స్లాట్‌లో పట్టవు, కింద గంటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

సీటీసీలో ఇప్పటికీ అన్నీ దొరుకుతాయి, పాతవీ కొత్తవీ. పాత స్టిక్ కొనడం తప్పేం కాదు, ర్యామ్ అంత తొందరగా పాడయ్యే వస్తువు కాదు, కానీ అక్కడే ఒక బోర్డులో పెట్టి డిస్‌ప్లే చూపించమనండి, వారం రోజులు మార్చి ఇచ్చే మాట బిల్లు మీద రాయించుకోండి. మరీ చవకగా ఇస్తున్నారంటే అది సర్వర్‌ది కాదు కదా అని చూడండి. సర్వర్‌లలో వాడే రిజిస్టర్డ్ మెమరీ చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది, మన బోర్డుల్లో పనిచేయదు. డీడీఆర్3 మెషీన్లున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి, ఏఎండీ బోర్డులకి మాత్రమే పనికొచ్చే 8 జీబీ స్టిక్‌లు తిరుగుతున్నాయి, ఇంటెల్ బోర్డులో పెడితే నో డిస్‌ప్లే, అంటే స్క్రీన్ మీద ఏమీ రాదు.

ఈ ప్రశ్న చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. ల్యాప్‌టాప్ అయితే కొనే ముందే స్లాట్ ఉందో లేదో చూసుకోండి, సన్నని మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. మియాపూర్ నుంచి ఒకాయన ఆన్‌లైన్‌లో స్టిక్ కొనుక్కుని, సెలవు పెట్టి మరీ వచ్చారు, వెనక మూత తీస్తే లోపల స్లాటే లేదు. రెండోది, పాత మెషీన్లలో 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీ దాటి పనిచేయదు. రామంతాపూర్‌లో ఒక జిరాక్స్ షాపు మెషీన్‌లో 6 జీబీ వేయించి ఏడాదిపాటు వాడారు, సిస్టమ్ పేజీలో "6.00 జీబీ, 3.41 జీబీ యూజబుల్" అని స్పష్టంగా రాసి ఉంది, ఎవరూ చదవలేదు.

స్టిక్ మీరే పెట్టుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు. ప్లగ్ తీసేయండి, తీశాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్కకి పడుకోబెట్టి, లోపలి ఇనుప భాగం ఒకసారి చేత్తో ముట్టుకోండి. స్లాట్ చివర క్లిప్ తెరిచి, గంటు సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కాలి, టక్ మని క్లిప్ దానంతట అదే మూసుకుంటుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగా ఉండి, ఒకసారి ఆగి మళ్లీ మొదలవ్వొచ్చు, అది కొత్త మెమరీని పరిచయం చేసుకుంటోంది, కంగారుపడి ప్లగ్ పీకకండి. రెండు మూడు నిమిషాలైనా రాకపోతే ఆపి, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి. మన ఊరి దుమ్ముకి బంగారు రంగు కాళ్ల మీద పొర కడుతుంది, పిల్లల తెల్ల రబ్బరుతో మెత్తగా రుద్ది, పొడి అంతా బ్రష్‌తో దులిపి పెడితే సగం నో డిస్‌ప్లేలు అక్కడే పోతాయి. ఆ రాత్రి స్టార్ట్ మెనూలో "విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్" వెతికి నడిపించి పడుకోండి, తప్పులేవైనా చూపిస్తే వారం లోపే మార్పించుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీకి కూడా ఇప్పుడు రేటు పెరిగింది కాబట్టి, అది కొనడానికి ముందు పైసా ఖర్చు లేని పనులు రెండు చేసి చూడండి. ఒకటి, రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి, రెండూ ఒకే డిస్క్‌ని పీక్కు తింటాయి. రెండు, డిస్క్‌కి వెళ్లే సాటా కేబుల్ రెండువైపులా తీసి గట్టిగా పెట్టండి, వీలైతే వేరే కేబుల్ మార్చండి. కేబుల్ వదులై డిస్క్ 100 చూపించిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. ఇక ఎప్పుడూ షట్‌డౌన్ చేస్తున్నారు తప్ప రీస్టార్ట్ చేయట్లేదు అనుకుంటాను, ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మొదటి నుంచి మొదలవదు, వారానికి ఒకసారైనా రీస్టార్ట్ కొట్టండి.

వీటన్నిటికంటే ముందు మాత్రం ఒక పని ఉంది మేడమ్, అది ఇవాళ రాత్రే చేయండి. డిస్క్ ఎప్పుడూ 100 చూపిస్తోందంటే పని ఎక్కువై కావచ్చు, పోయే ముందు కూడా అలాగే చూపిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, తెరవగానే డిస్క్ ఆరోగ్యం రంగుతో చూపిస్తుంది. నీలం అయితే మంచిదే, పసుపు వచ్చి "కాషన్" అని ఉంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకండి. నీలం వచ్చినా సరే, ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ట్యాలీ డేటా ఫోల్డరు, పాప నోట్సు, ఇంట్లోవాళ్ల ఫొటోలు ఈ మూడూ కాపీ చేసి బీరువాలో పెట్టండి. ఆ డిస్క్ వేగానికి గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతుంది. అది అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో స్క్రీన్ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.